కొత్త వంటిల్లు – 3వ పాఠం: లిస్టు ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన పాఠంలో, పెళ్లయ్యాక కాపురానికి కావలసిన వంటింటి సామాను లిస్టు రాసుకుని, కానుకగా ఏమివ్వమంటారని అడిగినవాళ్లకి తలా ఒక వస్తువు చెప్పమన్నాను. మీలో చాలామంది లిస్టు చక్కగానే రాశారు. రాసి, ఫొటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. ఇక చూడండి.

గుంటూరు బ్రాడీపేట అమ్మాయికి బ్రైడల్ షవర్ (పెళ్లికి ముందు స్నేహితులు కానుకలిచ్చే వేడుక) రోజున మూడు మిక్సీలు వచ్చాయి. విజయవాడ భవానీపురం అమ్మాయికి వాళ్ల బాబాయి ఫోన్ చేసి "ఏమ్మా, శుభలేఖ కంటే ముందే బిల్లు పంపారే" అన్నాడట. పటమట అమ్మాయిది ఇంకో కథ. కుక్కర్ ఎవరో ఒకరు కొంటారులే అని అందరూ అనుకున్నారు, ఎవరూ కొనలేదు. ఈవిడ కాపురానికి ఎనిమిది హాట్‌ప్యాకులతో వెళ్లింది, అన్నం మాత్రం పక్కింటి కుక్కర్లో వండుకుంది.

ఈ పాఠంలో చెబుదామనుకున్న గ్యాస్ పొయ్యి సంగతి అందుకే పక్కన పెడుతున్నా. ముందు ఈ తంటా తీరాలి.

గిఫ్ట్ రిజిస్ట్రీ అనే పద్ధతి షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ కొట్లో 1924లో మొదలైందంటారు. పెళ్లికూతురు కొట్టుకెళ్లి తనకి కావలసినవి చూపిస్తుంది, కొట్టువాళ్లు పుస్తకంలో రాసుకుంటారు. చుట్టం వచ్చి ఒకటి కొనగానే పుస్తకంలో దాన్ని కొట్టేస్తారు. తర్వాత వచ్చినవాళ్లకి మిగిలినవే కనిపిస్తాయి. మీరు చూసి నేర్చుకున్నది రాసుకోవడం ఒక్కటే. అసలు పని జరిగేది ఆ కొట్టివేతలో. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒకరు కొంటారు, గుంటూరు పట్నంబజారులో ఒకరు కొంటారు, హైదరాబాదు నుంచి ఒకరు ఆన్‌లైన్‌లో పంపిస్తారు. వీళ్లందరి కొనుగోళ్లూ ఒకచోట కొట్టేసేది ఎవరు?

అందుకని ఒక మనిషిని పెట్టుకోండి. ఒక్కరే, ఇద్దరు కాదు. పెళ్లికూతురు పనికిరాదు, నోరు తెరిచి అడిగినట్టుంటుంది. అమ్మ అసలే పనికిరాదు. ఎవరడిగినా "ఏమీ వద్దు వదినా, మీరొస్తే అదే పదివేలు" అంటుంది, ఇంకోమాట చెప్పలేదు. పిన్ని కూతురో, పెళ్లయి రెండు మూడేళ్లయిన వదినో సరిపోతుంది. మొహమాటం తక్కువగా ఉండి, ఫోన్ ఎత్తే మనిషై ఉండాలి. లిస్టు ఆవిడ దగ్గరే ఉంటుంది. ఇంకెవరికీ ఫొటో వెళ్లదు.

గూగుల్ షీటు పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోండి. నాకైతే గీతల పుస్తకమే ఇష్టం. షీటు లింకు ఒకసారి బయటికి పోయిందంటే మళ్లీ గ్రూపు కథే. నాలుగు గడులు గీయండి: వస్తువు, కొలత, ఎవరు, కొన్నారా. "చూస్తాంలే అమ్మా" అన్నవాళ్లని నాలుగో గడిలో రాయొద్దు. కొన్నాక ఫోన్ చేస్తేనో, బిల్లు ఫొటో పంపిస్తేనో అప్పుడు టిక్కు.

పెద్దవాళ్ల దగ్గర మనంతట మనం ఎత్తకూడదు. వాళ్లు "పిల్లకి ఏం కావాలి?" అంటారు, లిస్టు చూసే మనిషి "ఏమీ వద్దండీ" అంటుంది, అది మర్యాద. రెండోసారి కూడా అడిగారంటే నిజంగానే అడుగుతున్నారని. అప్పుడు ఆవిడ రెండు వస్తువులు చెప్పాలి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "ఇడ్లీ పాత్ర ఇంకా ఎవరూ అనలేదు బాబాయ్, లేకపోతే గ్రైండరు." ఆయన ఇడ్లీ పాత్ర తీసుకున్నా చిన్నతనం ఉండదు, గ్రైండరు తీసుకుంటే సంతోషం. ఒక్కటే చెబితే అది అడగడం, రెండు చెబితే సలహా. 1,116 చదివించి ఊరుకునేవాళ్లని అలాగే వదిలేయండి, డబ్బు కూడా వంటింట్లోకే వెళుతుంది.

స్నేహితుల దగ్గర ఈ నాజూకులేం అక్కర్లేదు. కాకపోతే షవర్లో ఒక చిక్కుంది. మన పెళ్లిళ్లలో ఇచ్చినవాళ్ల ఎదుట కవరు విప్పం, ఇంటికెళ్లాక విప్పుతాం. అమెరికాలో షవర్ అంటే అందరి ముందూ ఒక్కొక్కటీ విప్పి చూపించడమే. మనవాళ్లూ ఇప్పుడు అదే చేస్తున్నారు. 300 రూపాయల గరిటెల సెట్టు పక్కనే 9,000 రూపాయల గ్రైండరు విప్పితే ఆ గరిటెలు తెచ్చిన పిల్ల మొహం చూడండి. షవర్ లిస్టులో అన్నీ ఇంచుమించు ఒక ధరలో ఉండాలి. పెద్దవి కావాలంటే నలుగురినీ కలిపి ఒకటి కొనమనండి.

పేర్లు కొట్టించే సంగతి. స్టీలు గిన్నె కొన్నాక దానిమీద తమ పేరు, తేదీ కొట్టించకపోతే మన అత్తయ్యలకి నిద్ర పట్టదు. పేరు పడ్డాక ఆ గిన్నెని కొట్టువాడు వెనక్కి తీసుకోడు. లిస్టు చూసే మనిషి చివరగా ఒకమాట చెప్పాలి: "అత్తయ్యా, పేరు కొట్టించేముందు ఒక్క ఫోన్ చెయ్యండి." మూడు మిక్సీల అమ్మాయి రెండు మార్చుకోగలిగింది. మూడు గుండిగల అమ్మాయి మార్చుకోలేకపోయింది.

ఇక రెండో గడి, కొలత. మీ లిస్టుల్లో "కుక్కర్" అని మాత్రమే ఉంది. ఎంత కుక్కర్? ఇద్దరికి 3 లీటర్లు, చుట్టాలు వచ్చే ఇల్లయితే 5 లీటర్లది ఇంకోటి. బియ్యం, పప్పు ఉబ్బుతాయి కాబట్టి నీళ్లతో కలిపి కుక్కర్లో సగానికి మించకూడదు. అంటే 3 లీటర్ల కుక్కర్లో పప్పు, నీళ్లు కలిపి లీటరున్నర. ఐఎస్‌ఐ గుర్తు చూడమనండి. మిక్సీ అయితే 750 వాట్లు అని రాయండి. పళ్లేలు, గ్లాసులు, డబ్బాల సంగతి మీకు తెలుసు.

తెలియనిది ఇండక్షన్. దీని గురించి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది ఇక్కడే పడతారు, పడి "స్టవ్వు పాడైంది" అంటారు. స్టవ్వు పాడవలేదు తల్లీ.

ఒకమ్మాయికి బెంగళూరులో అద్దె ఫ్లాట్, గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు, ఇండక్షన్ స్టవ్వు మీదే మొదటి పాలు పొంగించాలి. లిస్టులో "గిన్నెల సెట్టు" అని రాశారు. మేనమామ విజయవాడ వన్ టౌన్‌లో నాణ్యమైన స్టీలు చూసి కొన్నాడు. పాలు పెట్టారు, స్టవ్వు కుయ్యిమంది, ఆరిపోయింది. కొట్టువాడు "స్టీలు కదండీ, అన్నిటి మీదా పనిచేస్తుంది" అన్నాడట. ఆ మాట నమ్మొద్దు.

ఇండక్షన్ స్టవ్వులో మంట లేదు, ఎర్రగా కాలే తీగా లేదు. గాజు పలక కింద రాగి చుట్ట ఉంటుంది. అందులో కరెంటు చాలా వేగంగా దిశ మార్చుకుంటూ పోతుంటే పైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది గిన్నె అడుగులో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుకి అడుగు తనంతట తానే వేడెక్కుతుంది. ఇది జరగాలంటే అడుగుకి అయస్కాంతం పట్టాలి. అల్యూమినియానికి పట్టదు. ఇండాలియం బాండీ అల్యూమినియం మిశ్రమమే, దానికీ పట్టదు. రాగి, ఇత్తడి, కంచు సరేసరి. రాగి అడుగు గిన్నెలు చూడటానికి ఎంత బాగున్నా ఈ పొయ్యి మీద దండగే.

స్టీలులో అసలు మెలిక ఉంది. 304 రకం, అంటే స్టిక్కరు మీద 18/8 అని వేసేది, మంచి స్టీలు. తుప్పు పట్టదు, ఖరీదు ఎక్కువ, అయస్కాంతం మాత్రం దాదాపు పట్టదు. 430 రకం దానికంటే చవక, దానికి బాగా పడుతుంది. అంటే మేనమామ ఎంత మంచిది కొంటే అంత పనికిరాకుండా పోయే ప్రమాదం ఉందన్నమాట! ట్రైప్లై గిన్నెల్లో లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట అయస్కాంతం పట్టే స్టీలు పెడతారు, అందుకే అవి రెండు పొయ్యిల మీదా పనిచేస్తాయి. ఇండక్షన్ బేస్ అని అమ్మే అల్యూమినియం పెనాలకి అడుగున ఒక స్టీలు బిళ్ల అతికిస్తారు. బిళ్ల ఉన్నంత మేరే వేడి. బిళ్ల చిన్నదైతే దోసె మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి.

పరీక్ష ఒక్కటే. ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం ఉంటుంది కదా, అది పర్సులో వేసుకుని కొట్టుకెళ్లండి. గిన్నె తిరగేసి అడుగు మధ్యలో పెట్టండి, పక్కల మీద కాదు. గట్టిగా అతుక్కుంటే తీసుకోండి. జారుతూ నిలబడితే వద్దు. తర్వాత అడుగు బల్లపరుపుగా ఉందో లేదో చూడండి, గుండ్రటి మూకుడు పనికిరాదు. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్ల కంటే తక్కువైతే చాలా స్టవ్వులు గిన్నె ఉన్నట్టే గుర్తించవు. టీ గిన్నె, పోపు గరిటె సరిగ్గా ఇక్కడే దొరికిపోతాయి. లిస్టులో "ఇండక్షన్ గిన్నె" అనొద్దు, "అడుగుకి అయస్కాంతం అంటాలి" అని రాయండి. కొనేవాళ్లకి అదే తేలిక.

పైన గాజు పలక ఉన్న ప్రతి పొయ్యీ ఇండక్షన్ కాదు. అమెరికా అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఉండే గాజు పొయ్యిల కింద మామూలు హీటింగ్ కాయిలు ఉంటుంది. దానిమీద ఏ లోహమైనా కాగుతుంది, అడుగు చదునుగా ఉంటే చాలు. పెళ్లికొడుకు అక్కడుంటే పొయ్యి ఫొటో పంపమనండి. అమెరికా వెళ్లేవాళ్లు మిక్సీ, గ్రైండరు ఇక్కడి లిస్టులోంచి తీసేయండి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ 120, 60. ట్రాన్స్‌ఫార్మరు కొని, దాన్ని మోసుకెళ్లి, అది వేడెక్కుతుందేమోనని కాపలా కాయడం కంటే అక్కడి కరెంటుకి సరిపోయేలా అక్కడ అమ్మే మోడల్ కొనుక్కోవడం నయం. 23 కిలోల పెట్టెలో గ్రైండరు రాళ్లకంటే కారప్పొడికీ, గోంగూర పచ్చడికీ చోటివ్వండి.

నా సొంత చాదస్తాలు రెండు. ఇనప పెనం, కత్తి, కత్తెర లిస్టులో రాయకండి. కానుకగా ఇవ్వడానికి పెద్దవాళ్లు జంకుతారు, మీరే కొనుక్కోండి, శనివారం తప్ప. రాతి కల్వం మాత్రం తప్పకుండా రాయండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలకి మిక్సీ కడగడం నాకు నచ్చదు.

అభ్యాసం. ఈ వారం ఏడు రోజులూ మీ అమ్మగారి వంటింట్లో పొద్దున్నించి రాత్రి దాకా ఏ గిన్నె, ఏ గరిటె ఎన్నిసార్లు పొయ్యెక్కిందో, ఎన్నిసార్లు తోమారో కాయితం మీద గీతలు పెట్టండి. వారమంతా ఒక్క గీత కూడా పడని వస్తువు మీ లిస్టులో ఉంటే కొట్టేయండి. ఆవకాయ జాడీకి మినహాయింపు. మిగిలిన ప్రతిదానికీ లీటర్లలోనో, అంగుళాల్లోనో కొలత రాయండి. తర్వాత అయస్కాంతం పట్టుకుని ఇంట్లో గిన్నెలన్నీ తిరగేసి, అంటేవి ఒకవైపు, అంటనివి ఒకవైపు పెట్టండి. అమ్మగారు తిడతారు, తిట్టనివ్వండి. గ్యాస్ పొయ్యి పాఠానికి ఆ కాయితం కావాలి, పారేయకండి.