మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ రాసే విధానం

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయాన్ని 2021లో కర్నూలులో తెరిచారు. అర్జీ రాసే ముందు తేదీ చూసుకోవాలి: 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టకూడదు.

తెల్లకాగితం చాలు, రుసుము లేదు. ‘పోలీసులు వేధించారు’ అని ఒక్క ముక్కలో ముగించకుండా, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ స్టేషనుకు పిలిపించారో, ఎంతసేపు కూర్చోబెట్టారో వరుసగా రాసి, ఆసుపత్రి చీటీ ఉంటే దాని నకలు జతచేయాలి. అసలు కాగితాన్ని మాత్రం చేతి నుంచి జారనివ్వకండి. ప్రభుత్వోద్యోగి చేసిన ఉల్లంఘన, లేదా దాన్ని అడ్డుకోవడంలో చూపిన నిర్లక్ష్యం కమిషన్ పరిధిలోకి వస్తాయి. అన్నదమ్ముల పొలంగట్టు తగాదా రాదు. సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టు అధికారాలున్నా, కమిషన్ చివరికి ప్రభుత్వానికి సిఫారసే చేస్తుంది కనుక, కోరుతున్న చర్యను, పరిహారాన్ని అర్జీలోనే స్పష్టంగా అడగాలి.