మెక్‌బెత్‌తో ఇంగ్లీష్ మాటలు – 3వ పాఠం: హత్య జరిగిన రాత్రి

ముందు పోయిన పాఠంలోని ప్రశ్నకు జవాబు: షేక్‌స్పియర్ నాటకం 'మెక్‌బెత్'లో 'వాల్టింగ్ యాంబిషన్' అన్నచోట వాల్ట్ అంటే ఏమిటి? మొదటి అంకం ఏడో దృశ్యంలో మెక్‌బెత్, రాజును చంపడానికి తనను ముందుకు తోస్తున్నది 'వాల్టింగ్ యాంబిషన్' ఒక్కటే అంటాడు. వాల్ట్ అంటే బ్యాంకులో నగలు దాచే గది అనుకుంటే ఇక్కడ అర్థం కుదరదు. ఆటల్లో పోల్ వాల్ట్ అంటాం కదా, ఆ వాల్ట్ ఇది. ఎగిరి దూకడం. గుర్రం ఎక్కబోయి అవసరానికి మించి ఎగిరి అవతలి పక్కన పడేవాడి బొమ్మ ఆ వాక్యంలో ఉంది.

ఇక రెండో అంకం. ఈ పాఠానికి మొదటి మూడు దృశ్యాలు చాలు. స్కాట్లాండ్ రాజు డంకన్ ఇన్వర్‌నెస్‌లో మెక్‌బెత్ కోటకు అతిథిగా వచ్చి నిద్రపోతున్నాడు. అర్ధరాత్రి దాటింది. నిఘంటువు పక్కన పెట్టి ముందు ఒకసారి మొత్తం చదవండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరికి భయం వేస్తోంది అన్నది తెలిస్తే చాలు. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీసి సాగిపోండి. రెండోసారి చదివేటప్పుడు ఆ గీతల దగ్గర ఆగుదాం.

మొదటి దృశ్యంలో మెక్‌బెత్‌కు గాలిలో ఒక కత్తి కనిపిస్తుంది. తాను ఒరలోంచి తీసిన నిజం కత్తి ఎంత 'పాల్పబుల్'గా ఉందో అదీ అంతే ఉందంటాడు. పాల్పబుల్ అంటే చేత్తో తడిమి చూడగలిగినంత స్పష్టంగా ఉన్నది. తాకడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. డాక్టర్ పొట్ట నొక్కి చూసే పరీక్షను పాల్పేషన్ అనేది కూడా అందుకే. అయితే అతను పట్టుకోబోతే ఆ కత్తి చేతికి చిక్కదు. తాకలేని వస్తువుకు తాకగలిగేది అనే మాట వాడటంలోనే అతని మనసు ఎంత చెదిరిందో తెలుస్తుంది. ఈ మాట ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది: 'ద టెన్షన్ ఇన్ ద రూమ్ వాజ్ పాల్పబుల్.'

అదే దృశ్యం చివర గంట మోగుతుంది. దాన్ని అతను 'నెల్' అంటాడు. స్పెల్లింగ్‌లో ముందు 'కే' ఉంటుంది కానీ పలకదు. ఎవరైనా చనిపోయినప్పుడు మోగించే గంట అది. ఒక పరిశ్రమో, పాత పద్ధతో అంతరించబోతోందని చెప్పడానికి ఈనాటి పత్రికలు 'డెత్ నెల్' అని రాస్తాయి.

రెండో దృశ్యంలో మెక్‌బెత్ రాజును చంపి, ఆ కత్తులతోనే వస్తాడు. ఇక్కడ మాటలు వరసగా వస్తాయి. రాజు గది కాపలావాళ్లను మెక్‌బెత్ భార్య లేడీ మెక్‌బెత్ 'సర్ఫిటెడ్' అంటుంది, అంటే మితిమీరి తిని తాగినవాళ్లు. 'ఎ సర్ఫిట్ ఆఫ్ అడ్వైజ్' అంటే విసుగు పుట్టేంత సలహాలు. 'అపాల్' అంటే హడలగొట్టడం. ప్రతి చప్పుడూ తనను అపాల్ చేస్తోందంటాడు మెక్‌బెత్. ఇందులో 'పేల్' అనే మాట దాగి ఉంది. ముఖం పాలిపోయేంత భయమన్నమాట. 'ఇన్‌ఫర్మ్' దగ్గర జాగ్రత్త. సమాచారం ఇవ్వడం అనే ఇన్‌ఫార్మ్ వేరు, ఇది 'ఫర్మ్' కానిది. ఇప్పుడు వయసు మీద పడి ఒంట్లో బలం తగ్గినవాళ్లను ఇన్‌ఫర్మ్ అంటారు. లేడీ మెక్‌బెత్ మాత్రం భర్తను 'ఇన్‌ఫర్మ్ ఆఫ్ పర్పస్' అని తిట్టి కత్తులు లాక్కుంటుంది. ఆమె అంటున్నది అతని ఒంటి బలం గురించి కాదు, పట్టుదల గురించి.

అసలు ఈ అంకం చదవడానికి నాకు అన్నిటికన్నా పెద్ద కారణం తర్వాత వచ్చే వాక్యం. సముద్రమంతా కలిసినా ఈ చేతి నెత్తురు కడగగలదా అని అడిగి, మెక్‌బెత్ తనే జవాబు చెప్పుకుంటాడు. లేదు, ఈ చెయ్యే 'ద మల్టిట్యూడినస్ సీస్ ఇన్‌కార్నడైన్, మేకింగ్ ద గ్రీన్ వన్ రెడ్.' గట్టిగా చదివి చూడండి. మొదటి సగంలో నోరు తిరగని పొడవాటి మాటలు. రెండో సగంలో చిన్నపిల్లలకూ తెలిసిన మాటలు. ఇన్‌కార్నడైన్ అంటే ఎర్రగా మార్చడం అని ఆ చిన్న మాటలే చెప్పేస్తున్నాయి. షేక్‌స్పియర్ చాలాచోట్ల ఇలా కష్టమైన మాట పక్కనే దాని అర్థం పెడతాడు. అందుకే గీత గీసిన ప్రతి మాట తర్వాతి పాదం చదివాకే నిఘంటువు తీయండి. ఇన్‌కార్నడైన్‌లోని 'కార్న్' అంటే మాంసం. కార్నివోర్, కార్నేజ్, రీఇన్‌కార్నేషన్ అన్నీ ఆ కుటుంబమే. ఇన్‌కార్నడైన్ చూస్తే గుర్తుపట్టండి చాలు, మీ రాతల్లో వాడక్కర్లేదు. కార్నేజ్, అంటే ఊచకోత, మాత్రం వార్తల్లో తరచూ కనిపిస్తుంది, నేర్చుకోండి.

మూడో దృశ్యంలో తాగిన మత్తులో ఉన్న ద్వారపాలకుడు తాను నరకం వాకిట్లో ఉన్నట్టు ఊహించుకుని, లోపలికి వచ్చేవాళ్లలో ఒకణ్ని 'ఇక్వివొకేటర్' అంటాడు. ఈ నాటకం 1606 ప్రాంతంలో రాసిందని పండితుల అంచనా. అంతకు ముందే 1605లో లండన్‌లో పార్లమెంటు భవనాన్ని మందుగుండుతో పేల్చే కుట్ర బయటపడింది. ఆ కేసులో 1606లో విచారించి ఉరితీసిన జెసూట్ (కేథలిక్ క్రైస్తవ సంఘం) గురువు హెన్రీ గార్నెట్ ఇక్వివొకేషన్‌ను సమర్థించాడు. అంటే అబద్ధం ఆడకుండానే, రెండు అర్థాలొచ్చే మాటతో నిజం దాచడం. 'ఈక్వి' సమానం, 'వోక్' గొంతు. రెండు వైపులా సమానంగా పలికే గొంతు. ఈ ఒక్క మాట పట్టుకుంటే నాటకం సగం అర్థమవుతుంది. నాటకంలో జోస్యం చెప్పే మంత్రగత్తెలు మెక్‌బెత్‌కు ఒక్క అబద్ధమూ చెప్పరు. వాళ్ల మాటలకున్న రెండో అర్థం చివరిదాకా అతనికి తట్టదు, అంతే. మంత్రిని సూటిగా అడిగినప్పుడు అవుననక, కాదనక నాన్చితే 'ద మినిస్టర్ ఇక్వివొకేటెడ్' అని రాయొచ్చు. 'అన్‌ఇక్వివొకల్' దీనికి ఎదురు, అనుమానానికి తావులేనిది.

మిగిలింది రాజు శవాన్ని చూసిన ప్రభువు మాక్‌డఫ్ నోట వచ్చే 'సాక్రిలీజియస్'. పవిత్రమైనదాన్ని అపవిత్రం చేసేది అని అర్థం. ఇందులో 'రిలీజియస్' లేదు. 'ఆర్' తర్వాత 'ఐ', 'ఎల్' తర్వాత 'ఈ' వస్తాయి. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లే ఈ స్పెల్లింగ్ తప్పు రాస్తుంటారు.

ఈసారి అభ్యాసం: పాల్పబుల్, సర్ఫిట్, ఇక్వివొకేట్ – ఈ మూడింటితో మీ సొంత వాక్యాలు రాయండి. తర్వాత మూడో దృశ్యంలో డంకన్ చిన్న కొడుకు డోనల్‌బెయిన్ అనే 'దేర్స్ డాగర్స్ ఇన్ మెన్స్ స్మైల్స్' వాక్యం వెతికి, అతను ఎవరిని అనుమానిస్తున్నాడో రెండు వాక్యాల్లో చెప్పండి. వచ్చే పాఠానికి మూడో అంకం నాలుగో దృశ్యం, మెక్‌బెత్ తోటి సేనాని బాంక్వో ఆత్మ కనిపించే విందు, ఒకసారి చదివి ఉంచండి.