ఆవర్తన పట్టిక చదవడం – 4వ భాగం: ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి ఎంత శక్తి?

గత భాగంలో ఎలక్ట్రాన్ విన్యాసం రాయడం నేర్చుకున్నాం. ఈసారి దాన్ని పక్కనే పెట్టుకోండి.

వాయుస్థితిలో విడిగా ఉన్న పరమాణువు నుంచి, అన్నిటికన్నా వదులుగా ఉన్న ఎలక్ట్రాన్‌ను తీసేయడానికి కావలసిన కనీస శక్తే మొదటి అయనీకరణ శక్తి. మూడో పీరియడ్ విలువలు కిలోజౌల్/మోల్‌లో వరుసగా రాసుకోండి: సోడియం 496, మెగ్నీషియం 738, అల్యూమినియం 578, సిలికాన్ 786, ఫాస్ఫరస్ 1012, సల్ఫర్ 1000, క్లోరిన్ 1251, ఆర్గాన్ 1521.

లోహాలకు తక్కువ, అలోహాలకు ఎక్కువ. కారణం బట్టీ పట్టకండి, లెక్క వేయండి. బయటి ఎలక్ట్రాన్‌కు కేంద్రకం పూర్తిగా కనబడదు, మిగతా ఎలక్ట్రాన్లు అడ్డు వస్తాయి. స్లేటర్ నియమం ప్రకారం బయటి కర్పరంలోని తోటి ఎలక్ట్రాన్ ఒక్కోటి 0.35, దాని కింది కర్పరంలోది 0.85, ఇంకా లోపలిది 1 చొప్పున ఆవేశాన్ని తగ్గిస్తాయి.

సోడియం: 11 – (8×0.85 + 2×1) = 2.2
క్లోరిన్: 17 – (6×0.35 + 8×0.85 + 2×1) = 6.1

కర్పరం ఒకటే, ఆకర్షించే ఆవేశం మాత్రం దాదాపు మూడింతలు. పైగా క్లోరిన్ పరమాణువు చిన్నది.

ఈ వరుసలో రెండు చోట్ల విలువ తగ్గింది, గమనించారా? అల్యూమినియంలో పోయేది 3పి ఎలక్ట్రాన్. 3ఎస్ కన్నా దాన్ని తీయడం తేలిక. సల్ఫర్‌లో ఒక 3పి ఆర్బిటాల్‌లో జంట ఏర్పడి, ఆ రెండూ వికర్షించుకుంటాయి.

చాలామంది పొరబడేది ఇక్కడ: సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేటప్పుడు శక్తి విడుదలవుతుందనుకుంటారు. కాదు, 496 ఖర్చవుతుంది. ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ తీసుకుంటే తిరిగొచ్చేది 349 మాత్రమే. మిగిలిన 147 లోటును పూడ్చేది అయాన్లు స్ఫటికంగా కూడినప్పుడు వెలువడే శక్తి.

అలాగని అంకె చూసి లోహమో అలోహమో తేల్చేయకండి. పాదరసం లోహమే, విలువ 1007, సల్ఫర్‌ను మించింది. దాని లోపలి 4ఎఫ్, 5డి ఎలక్ట్రాన్లు సరిగా అడ్డుకోలేవు, అందుకే 6ఎస్ జంట గట్టిగా బిగుసుకుంటుంది.

ఒక్క విలువకన్నా వరుస విలువలే (అదే పరమాణువు నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా ఎలక్ట్రాన్లను తీయడానికి కావలసిన శక్తులు) ఎక్కువ చెబుతాయి. సోడియం రెండో విలువ 4562, మొదటిదానికి తొమ్మిది రెట్లు! అంటే బయటి కర్పరంలో ఉన్నది ఒక్క ఎలక్ట్రానే.

అభ్యాసం: రెండు మూలకాల వరుస విలువలివి. (అ) 590, 1145, 4912, 6491. (ఆ) 1086, 2353, 4620, 6223, 37831. పక్కపక్క విలువల నిష్పత్తి కట్టి, పెద్ద దూకుడు ఎక్కడుందో గుర్తించి, బయటి ఎలక్ట్రాన్ల సంఖ్య రాయండి. జవాబులు 5వ భాగం మొదట్లో ఇస్తాం.