దియెప్ గులకరాళ్ళ తీరాన్ని ఎలా చూడాలి?

ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని దియెప్‌లో కాలి కింద జారేది ఇసుక కాదు, గుండ్రటి చెకుముకి రాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల చేతిలో ఉన్న ఈ పట్టణంపై దాడికి 1942 ఆగస్టు 19న ఇక్కడ దిగిన కెనడా సైన్యం ఎందుకు ముందుకు కదలలేకపోయిందో ఆ రాళ్ళ మీద నాలుగు అడుగులు వేస్తే బోధపడుతుంది. అందుకే ముందు తీరం, తర్వాతే మ్యూజియం.

1. ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం ఎనిమిది మీటర్లకు పైగా మారుతుంది. పోటు మీదున్నప్పుడు ఏటవాలు రాళ్ళగట్టు తప్ప ఏమీ కనిపించదు. నీళ్ళు బాగా తగ్గడానికి రెండు గంటల ముందు చేరితే తీరం మొత్తం చూడొచ్చు. పారిస్ సెయింట్ లజార్ స్టేషన్ నుంచి రైలు ఉంది, ఎక్కువసార్లు రువాన్‌లో మారాలి.

2. చీలమండను పట్టి ఉంచే, మందపు అడుగున్న బూట్లు వేసుకోండి. చెప్పుల్లోకి రాళ్ళు దూరతాయి, చీలమండ మెలిపడుతుంది. గట్టు దిగేటప్పుడు పక్కవాటుగా, చిన్న అడుగులతో దిగాలి.

3. నీటి అంచు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి గట్టుగోడ వైపు ఎక్కండి. అసలు చూడవలసింది ఇదే. అడుగు వేసినప్పుడల్లా కాలు సగం వెనక్కి జారుతుంది. ఆ సైన్యం తెచ్చిన చర్చిల్ అనే బ్రిటిష్ ట్యాంకులకూ అదే గతి పట్టింది: రాళ్ళు చైనుకూ చక్రాలకూ మధ్య ఇరుక్కుని చైన్లు తెగాయి, తిరిగేకొద్దీ ట్యాంకు తన గొయ్యి తనే తవ్వుకుంది. పడవల నుంచి దిగిన 29 ట్యాంకుల్లో 2 మునిగాయి, 12 రాళ్ళలోనే చిక్కుకున్నాయి, 15 గోడ దాటాయి. దాటినవాటికీ పట్టణం వీధుల్లో కాంక్రీటు అడ్డుగోడలు ఎదురయ్యాయి. వాటిని పేల్చాల్సిన ఇంజనీర్లలో చాలామంది తీరం మీదే పడిపోయారు. దాడిలో సుమారు 5,000 మంది కెనడియన్లు పాల్గొంటే 900 మందికి పైగా చనిపోయారు.

4. తీరం పడమటి కొసన, కోట కింద, కెనడా స్మారక ఉద్యానం ఉంది. పాత థియేటర్ భవనంలోని చిన్న మ్యూజియం కూడా ఆ దగ్గరే. తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి, ముందే చూసుకోండి.

5. ఆ రోజే కెనడా సైనికులు దిగిన పక్క తీరాలు, తూర్పున పుయి, పడమట పూర్‌విల్‌లకు రోడ్డు మీదుగానే వెళ్ళండి. సుద్దరాతి కొండల అడుగున నడవొద్దు: పెళ్ళలు హెచ్చరిక లేకుండా విరిగిపడతాయి, పోటు వస్తే దారి మూసుకుపోతుంది. పుయి చాలా ఇరుకు తీరం. రాయల్ రెజిమెంట్ ఆఫ్ కెనడా సైనికులు 200 మందికి పైగా అక్కడ కొన్ని గంటల్లోనే ప్రాణాలు కోల్పోయారు.

6. గులకరాయి జేబులో వేసుకోకండి, ఎంత అందంగా ఉన్నా. చట్టం ఒప్పుకోదు. కొండల నుంచి రాలిన ఈ రాళ్ళే అలల జోరును విరిచి పట్టణాన్ని కాపాడుతున్నాయి.

7. చివరగా, ఊరికి దక్షిణాన ఓతో-సుర్-మేర్‌లో ఉన్న కెనడా సైనిక శ్మశానానికి వెళ్ళండి. అక్కడ సమాధిరాళ్ళు ఒకదానికొకటి వీపు ఆనించి, జంట వరుసల్లో ఉంటాయి. ఆ సైనికులను మొదట పాతిపెట్టింది జర్మన్లు. యుద్ధం తర్వాత కూడా ఆ అమరికను కదపలేదు.