మతం వేధింపుల మీద విదేశంలో అసైలమ్, అంటే శరణు, ఎలా అడగాలి? కేసు ఎలా చూస్తారు, ఏం రెడీ చేసుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లల్ని బయటదేశం పంపే ఏజెంట్లు ఈమధ్య కొత్త మాట ఒకటి మొదలెట్టారు, "స్టూడెంట్ వీసా మీద ఎక్కించేస్తాం, అక్కడ ఉద్యోగం దొరక్కపోతే మతం మీద అసైలమ్ వేసేద్దాం, మీరు చర్చికి వెళ్తారు కదండీ, అది చాలు" అని. చాలదు. నిజంగా ప్రాణం మీదకి వచ్చినోళ్ళకే ఆ కేసు నిలబెట్టుకోవడం కష్టంగా ఉంది. నేను లాయర్ని కాదు, ఒడియా తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి తర్జుమా చేసిచ్చే పని నాది, ఇలాంటి ఫైళ్ళు టేబుల్ మీదకి వస్తుంటాయి కాబట్టి ఏ కాగితం దేనికి అడుగుతారు, ఆఫీసర్ ఎక్కడ పట్టుకుంటాడు అన్నది కొంత తెలుసు. అసలు అవసరం ఉన్నోళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

స్టెప్ 1: మీరు ఎక్కడున్నారో చూసుకోండి

సొంత దేశంలో కూర్చుని అసైలమ్ అడగడం కుదరదు. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం మనిషి తన దేశం దాటి బయట ఉండాలి, ఢిల్లీలో ఏదో ఎంబసీకి వెళ్ళి దరఖాస్తు ఇచ్చేస్తే అయిపోతుంది అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, అలాంటి దారి లేదు. 2008లో మన పక్కనే కంధమాల్‌లో గొడవలు జరిగి వేలమంది ఇళ్ళొదిలి అడవుల్లోకి, క్యాంపుల్లోకి పోయారు కదా, వాళ్ళు దేశం దాటలేదు కాబట్టి అంతర్జాతీయ లెక్కలో శరణార్థులు కారు, దేశం లోపలే చెదిరిపోయినవాళ్ళ కింద వస్తారు, వాళ్ళ బాధ్యత మన ప్రభుత్వానిదే, మన కోర్టులదే.

బయటదేశం వాళ్ళు మన దగ్గరికి వస్తే? ఇండియా ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, అసైలమ్ కోసం వేరే చట్టం కూడా లేదు. అయినా గజపతి జిల్లాలో చంద్రగిరి వెళ్ళి చూడండి, చలికాలం మన ఊళ్ళల్లో స్వెటర్లు అమ్మే టిబెటన్లు 1963 నుంచి అక్కడే సెటిలయ్యారు, జిరంగ్‌లో పెద్ద బౌద్ధమఠం కూడా కట్టుకున్నారు. కానీ వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఇంటర్వ్యూ చేసి "నీకు మతం వల్లే ముప్పా" అని ఎవరూ తేల్చలేదు, ప్రభుత్వం ఒక విధానంగా ఉండనిచ్చింది, ఇక్కడే పుట్టిపెరిగినవాళ్ళు కూడా చాలామంది విదేశీయుల లెక్కలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రెన్యూవల్ చేయించుకుంటూనే ఉంటారు. మల్కన్‌గిరిలో ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) నెంబర్ల ఊళ్ళూ అంతే, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ హిందువుల్ని దండకారణ్య ప్రాజెక్టు కింద గుంపుగా తెచ్చి భూములిచ్చి పెట్టారు. 2019 పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) కూడా గుంపు పద్ధతే: పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకి పౌరసత్వం దారి, రూల్స్ 2024 మార్చిలో వచ్చాయి. ముస్లింలు అందులో లేరు, రోహింగ్యాలు లేరు. మయన్మార్, ఆఫ్ఘనిస్తాన్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళ కేసులు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఢిల్లీ ఆఫీసు చూసి కార్డు ఇస్తుంది.

అమెరికా, కెనడా, బ్రిటన్, యూరప్‌లో మాత్రం ఒక్కో మనిషి కేసు విడివిడిగా చూస్తారు. ఇక్కడ్నించి అంతా వాటి గురించే.

స్టెప్ 2: టైము దాటనివ్వకండి

అమెరికాలో అయితే అడుగుపెట్టిన ఏడాదిలోపు ఐ-589 ఫారం, అంటే అసైలమ్ దరఖాస్తు, వెయ్యాలి. 2025 జూలై దాకా ఫీజు లేదు, ఆ నెల వచ్చిన చట్టంతో వంద డాలర్లు పెట్టారు, కేసు పెండింగ్‌లో ఉన్నన్నాళ్ళు ఏడాదికోసారి ఇంకో వంద. ఏడాది దాటిపోతే మినహాయింపులు ఉన్నాయి, స్టూడెంటుగా లీగల్ స్టేటస్ ఉన్నంతకాలం ఆగినా తప్పుపట్టకపోవచ్చు, కానీ అది ఎక్స్‌పైర్ అయ్యాక మళ్ళీ నెలలు నెలలు కూర్చుంటే వినరు. ఊళ్ళో పరిస్థితి కొత్తగా మారినా చెప్పుకోవచ్చు. బ్రిటన్‌లో ఏడాది గడువు లాంటిది లేదు గానీ ఎంత లేటైతే అంత అనుమానం, "నిజంగా భయముంటే దిగిన రోజే ఎందుకు చెప్పలేదు" అంటారు. రూల్స్ తరచూ మారుతున్నాయి కాబట్టి వేసే రోజుకి ఏది నడుస్తుందో ప్రభుత్వ సైటులోనే చూసుకోండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

స్టెప్ 3: మీ కష్టానికీ మతానికీ ముడి ఉందా లేదా

ఒప్పందంలో కారణాలు ఐదే: జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం. మతం అంటే గుడికో చర్చికో వెళ్ళడమే కాదు, ఐక్యరాజ్యసమితి సంస్థ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నమ్మకం, గుర్తింపు, బతికే తీరు మూడూ మతం కిందకే వస్తాయి అన్నారు, దేవుణ్ణి నమ్మనివాడు కూడా ఇందులోకే వస్తాడు. మీరు నిజంగా ఆ మతం కాకపోయినా అవతలివాళ్ళు అలా అనుకుని కొడితే అదీ లెక్కే.

చిక్కు వచ్చేది ముడి దగ్గర. మన ఊళ్ళల్లో గొడవ ఒక్క కారణంతో ఉండదు కదా. ఒకాయన మతం మారాడు, వాళ్ళ నాన్న పోతే ఊరి శ్మశానంలో పాతిపెట్టనివ్వలేదు, సొంత పొలంలో పెడితే పక్క పొలం వాడు గట్టు తగువు తెచ్చాడు, ఆ తగువులో తల పగిలింది. ఇది మతమా, భూమా? ఆఫీసర్ ఖచ్చితంగా అడుగుతాడు. అమెరికా చట్టంలో 2005 నుంచి మతం "ముఖ్య కారణాల్లో ఒకటి" అయ్యుండాలి, ఒక్కటే కారణం అవ్వక్కర్లేదు. కాబట్టి భూమి తగువు దాచేసి అంతా మతమే అని చెప్పడం పిచ్చిపని, ఎఫ్ఐఆర్‌లో సర్వే నెంబరు కనపడగానే మీ మాట మొత్తం అబద్ధం అయిపోతుంది. ఉన్నదున్నట్టు చెప్పి, కొట్టేటప్పుడు ఏమన్నారు, అదే గట్టు తగువు ఉన్న మిగతావాళ్ళ జోలికి వెళ్ళారా లేదా అది చెప్పండి, ముడి అక్కడ తేలుతుంది.

స్టెప్ 4: వివక్షా, ప్రాణహానా?

ఎస్సీవాళ్ళు క్రైస్తవంలోకి వెళ్తే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. అన్యాయమే అనిపించొచ్చు, కానీ ఒక్క దాని మీద అసైలమ్ రాదు. అద్దెకి ఇల్లు ఇవ్వలేదు, కొట్టులో సామాను ఇవ్వడం మానేశారు, నీళ్ళ కుళాయి దగ్గర తిట్టారు, ఇవి కూడా విడివిడిగా చూస్తే వివక్ష అంటారు. అవే పేరుకుపోయి మనిషి ఆ ఊళ్ళో బతకలేని స్థితికి తెస్తే అప్పుడు కలిపి చూస్తారు, అందుకని చిన్నవి కూడా రాయాలి. కొట్టడం, బలవంతంగా మతం మార్పించడం, జైల్లో పెట్టడం, చంపుతామని బెదిరించడం మొదటి నుంచే బరువైనవి.

చట్టం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఒడిశాలో మతమార్పిడి మీద చట్టం 1967 నుంచీ ఉంది, దాన్ని చూపించి "మా రాష్ట్రంలో ఇలా ఉంది సార్" అంటే ఆఫీసర్ అడిగేది ఒకటే, దాని కింద నీ మీద కేసు పెట్టారా? అదే పాకిస్తాన్‌లో అహ్మదీల (తాము ముస్లింలమే అనుకునే, అక్కడి చట్టం మాత్రం కాదనే వర్గం) సంగతి చూడండి, 1984 ఆర్డినెన్స్ తర్వాత వాళ్ళు తమని ముస్లింలమని చెప్పుకున్నా, ప్రార్థనస్థలాన్ని మసీదు అన్నా జైలే. జర్మనీలో అలాంటి ఇద్దరి కేసు యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్తే 2012లో కోర్టు చెప్పింది, "ఇంట్లో గుట్టుగా ప్రార్థన చేసుకుని బయట మానెయ్యి, ఏం కాదు" అని అధికారులు అనకూడదు అని. ఇది మతం కేసుల్లో చాలా పెద్ద మాట, మీ నమ్మకంలో పదిమందిలో ప్రార్థించడం ముఖ్యమైతే అది ఎందుకు ముఖ్యమో మీ వాంగ్మూలంలో ఉండాలి.

భయం ఎంత ఉండాలి అంటే, అమెరికా సుప్రీంకోర్టు 1987లో పదిలో ఒక వంతు అవకాశం ఉన్నా చాలని చెప్పింది. ముందు ఒకసారి జరిగిందని నమ్మితే మళ్ళీ జరుగుతుందన్న భయం ఉన్నట్టే తీసుకుంటారు.

స్టెప్ 5: "ఇంకో ఊరు వెళ్ళొచ్చుగా?"

ఇండియా వాళ్ళకి అసలు గండం ఇదే, దీని గురించి ఏజెంట్ ఒక్క ముక్క చెప్పడు. కొట్టింది ప్రభుత్వం కాదు, ఊరివాళ్ళో ఏదో సంఘంవాళ్ళో అయితే రెండు ప్రశ్నలు వస్తాయి. పోలీసులు కాపాడలేదా? దేశంలో ఇంకో చోట బతకలేవా? గుణుపురంలో కుదరకపోతే విశాఖపట్నం, హైదరాబాద్, కొచ్చి ఎందుకు కాదు అంటారు. కెనడాలో దీనికి కోర్టు పెట్టిన రెండు మెట్ల పరీక్ష ఉంది: ఆ కొత్త చోట కూడా ముప్పు ఉంటుందా, అక్కడికెళ్ళి ఉండమనడం సబబేనా. యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన సురక్షిత దేశాల లిస్టులో ఇండియా కూడా ఉంది, అలాంటి లిస్టులో ఉంటే కేసు స్పీడుగా నడుస్తుంది, నిరూపించే బరువు మీ మీద పెరుగుతుంది.

ఠాణాకి వెళ్తే ఐఐసీ (ఠాణా ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టర్) కంప్లైంట్ తీసుకోలేదు అంటే ఆ తర్వాత ఏం చేశారు? స్టేషన్ డైరీ ఎంట్రీ నెంబరు ఉందా, ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు పంపారా, కలెక్టరేట్లో గ్రీవెన్స్ రోజున అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నారా, మానవ హక్కుల కమిషన్‌కి రాశారా. ఏదీ చెయ్యలేదంటే ఎందుకు చెయ్యలేదో, వెళ్తే ఏం జరిగేదో చెప్పగలగాలి. ఇంకో ఊరు వెళ్ళి చూశారా, అక్కడికీ వెతుక్కుంటూ వచ్చారా, ఎలా తెలిసింది వాళ్ళకి. ఈ జవాబులు లేకపోతే మిగతా ఫైలు ఎంత లావున్నా తేలిపోతుంది.

స్టెప్ 6: మీ కథ మీరే రాయండి, తెలుగులోనే

ముందు తెలుగులో రాసుకోండి, ఒడియా అలవాటైతే ఒడియాలో. ఏం జరిగింది, ఏ వరసలో జరిగింది, ఎవరున్నారు. తేదీ గుర్తులేకపోతే ఊహించి వెయ్యకండి, "పొంగలికి ముందు వారం", "రథయాత్ర అయ్యాక" అని రాసి దాన్నిబట్టి నెల చెప్పండి, సుమారుగా అని చెప్పడం తప్పు కాదు. ఫారంలో ఒకటి, ఇంటర్వ్యూలో ఒకటి, వీసా అప్లికేషన్లో ఇంకొకటి ఉంటే మాత్రం తప్పే, మూడూ పక్కపక్కన పెట్టుకునే అడుగుతారు.

మతం మారినవాళ్ళని ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. పదాజ్ఞలు చెప్పు, పండగలు చెప్పు లాంటి క్విజ్ కూడా ఉంటుంది, దాన్ని చాలా కోర్టులు తప్పుపట్టాయి, కానీ అసలు ప్రశ్న వేరే: ఎందుకు మారావు, ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ ఏమంది, నీలో ఏం మారింది. బట్టీపట్టిన వాక్యం వినగానే తెలిసిపోతుంది. ఆఫీసర్లూ అతి చేస్తారనుకోండి, 2019లో బ్రిటన్ హోం ఆఫీసు ఒక ఇరానీయుడికి బైబిల్లో హింస మాటలున్న వచనాలు ఎత్తిచూపి "నీది శాంతి మతమెలా అవుతుంది" అన్నట్టు తిరస్కార లేఖ రాసి నవ్వులపాలైంది, తర్వాత ఆ కేసు మళ్ళీ చూస్తామని ఒప్పుకుంది. అక్కడికి వెళ్ళాక మతం మారినా అడగొచ్చు, అయితే అనుమానంగా చూస్తారు, చర్చి ఎప్పట్నించి, ఎవరికి తెలుసు, ఇక్కడ మీ ఊరికి ఆ సంగతి ఎలా చేరింది అని తవ్వుతారు.

ఇంటర్‌ప్రెటర్ విషయం తేలిగ్గా తీసుకోకండి. అమెరికా అసైలమ్ ఆఫీసుకి మీ ఇంటర్‌ప్రెటర్‌ని మీరే తీసుకెళ్ళాలి, 18 ఏళ్ళు నిండాలి, మీ లాయరు, మీ సాక్షి ఆ పని చెయ్యకూడదు. మన సరిహద్దు తెలుగు, సగం ఒడియా కలిసిన మాట, గుంటూరో హైదరాబాదో మనిషికి అర్థం కాకపోవచ్చు, తప్పు చెప్తున్నాడనిపిస్తే అక్కడే ఆపి చెప్పండి, రికార్డులోకి ఎక్కాక సరిచెయ్యడం చాలా కష్టం.

స్టెప్ 7: కాగితాలు

ఇది నా డిపార్ట్‌మెంటు. మనోళ్ళ ఫైళ్ళలో మొదట కనపడేది పేరు గొడవ. ఇంట్లో వెంకటరావు, ఒడియాలో రాసేసరికి భెంకట, అక్కడ్నించి ఇంగ్లీషు ఆధార్‌లో బెంకట, బాప్తిస్మం సర్టిఫికెట్లో ఇంకో కొత్త పేరు. ఇంటిపేరు తెలుగు కాగితంలో ముందు, ఒడియా స్కూల్ సర్టిఫికెట్లో చివర. అవన్నీ ఒక్కడే అని ముందే అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. ప్రతి తర్జుమా కింద తర్జుమా చేసినవాడు నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైనది అని సంతకం పెట్టాలి.

పాస్టర్ గారి లెటర్లో "ఈయన మంచి విశ్వాసి" అని ఉంటే దానివల్ల పనేం లేదు, ఎప్పట్నించి తెలుసు, కళ్ళారా ఏం చూశారు అవి కావాలి. హాస్పిటల్ ఓపీ చీటీ, గాయం ఫొటో, ఊళ్ళో జరిగినదాని మీద పేపర్ కటింగ్ తారీఖుతో సహా, మీ జిల్లా పేరు ఉన్న మానవహక్కుల రిపోర్టులు. మొత్తం దేశం గురించి వంద పేజీలు పెట్టేకన్నా మీ బ్లాకు గురించి రెండు పేజీలు మేలు. మీరు అసైలమ్ అడిగారన్న సంగతి అక్కడివాళ్ళు మన ప్రభుత్వానికి చెప్పరు. కేసు నడుస్తుండగా పెళ్ళికో పేరంటానికో ఇంటికొచ్చి వెళ్ళారంటే భయం లేదనే అనుకుంటారు.

స్టెప్ 8: అల్లిన కథ జోలికి పోకండి

ఏజెంట్లు ఒకే కథని పేర్లు మార్చి చాలామందికి అమ్ముతారు, అవే దెబ్బలు, అదే జీపు, అవే డైలాగులు, అక్కడి ఆఫీసర్లు ఇవి రోజూ చూస్తారు. అమెరికాలో తెలిసి తెలిసి అబద్ధపు అసైలమ్ వేశావని తేలితే ఇక జన్మలో ఏ ఇమిగ్రేషన్ లాభమూ రాదు, రేపు అక్కడ పెళ్ళి చేసుకున్నా సరే. దానివల్ల నిజంగా దెబ్బలు తిన్న మనూరి మనిషిని కూడా అదే అనుమానంతో చూస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడ.

గెలిస్తే అమెరికాలో ఏడాది తర్వాత గ్రీన్ కార్డుకి వెయ్యొచ్చు. కాదంటే అక్కడ లీగల్ స్టేటస్ లేనివాళ్ళ కేసు ఇమిగ్రేషన్ జడ్జి దగ్గరికి వెళ్తుంది, బ్రిటన్‌లో ట్రిబ్యునల్, కెనడాలో అప్పీల్ విభాగం ఉన్నాయి, గడువు రోజుల్లో ఉంటుంది కాబట్టి తిరస్కార లేఖ రాగానే లాయర్ని పట్టుకోవాలి. డబ్బు లేకపోతే బ్రిటన్‌లో లీగల్ ఎయిడ్ ఉంది, కెనడాలో చాలా రాష్ట్రాల్లో ఉంది, అమెరికాలో ఉచితంగా చేసే లాయర్ల లిస్టు ఇమిగ్రేషన్ కోర్టు సైటులోనే ఉంటుంది.

ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలకి ఒక మాట. బాబు ఫోన్ చేసి లెటర్ రాసి పంపమంటే మీరు చూసింది మాత్రమే రాయండి, చూడనిది "విన్నాము" అనే రాయండి, ఒరిజినల్స్ కొరియర్లో పంపకుండా స్కాన్ పంపి ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి, ఖాళీ కాగితం మీద సంతకం అడిగిన ఏజెంటుకి మాత్రం టీ ఇచ్చి పంపించెయ్యండి.