తుఫాన్ల నెలల్లో పొదిగే మిషన్లో (ఇంక్యుబేటర్లో) గుడ్లు పెడుతున్నారా? ముందు ఖాళీ మిషన్ తిప్పి చూడండి

దసరా దాటింది, ఎండలు తగ్గాయి, ఇక నాటుకోడి గుడ్లు మిషన్లో పెట్టేద్దాం అని మా కావలి వైపు చాలామంది ఇప్పుడే మొదలుపెడతారు. మంచిదే. ఎండాకాలంలో గదే 40 డిగ్రీలు దాటితే మిషన్ చేసేదేమీ లేదు, దానికి వేడి చేయడం తప్ప చల్లబరచడం రాదు. కాకపోతే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు తరచూ మన మీదకే వస్తాయి. కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. అన్ని రోజులూ కరెంటు పోకుండా ఉంటుందనుకుంటే మీ ధైర్యానికి ఒక దండం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నా మిషన్లో 40 గుడ్లు ఉన్నాయి, పన్నెండో రోజు. రాత్రంతా కరెంటు లేదు, గుడ్లు మురిగిపోయినట్టే అనుకున్నాం. పొద్దున గుడ్లకి టార్చి ఆనించి చూస్తే లోపల పిల్లలు కదులుతున్నాయి! మధ్యాహ్నం కరెంటొచ్చింది, నేను నిశ్చింతగా అన్నం తిని పడుకున్నాను, సాయంత్రం లేచేసరికి లోపల 42 డిగ్రీలు. వేడి చూసి బల్బుని ఆపే థర్మోస్టాట్ బోర్డులో రిలే (స్విచ్చిలా పనిచేసే ముక్క) అతుక్కుపోయింది, వేడినిచ్చే బల్బు ఆరడమే లేదు. రాత్రంతా చలికి ఓర్చుకున్న పిల్లలు ఒక్క పూట వేడికి పోయాయి, ఒక్కటి కూడా మిగల్లేదు.

అందుకే కరెంటు పోవడం కంటే మిషన్ చెడి వేడెక్కడం గురించే నాకు ఎక్కువ టెన్షన్. కొన్ని గంటలు చల్లబడితే పిల్లలు ఒక రోజు ఆలస్యంగా వస్తాయి, కొన్ని పోతాయి. 40 దాటి గంటల తరబడి ఉంటే మాత్రం ఏమీ మిగలదు.

గుడ్లు పెట్టకముందు రెండు రోజులు మిషన్ని ఉత్తినే నడపండి. లోపల నాలుగైదు నీళ్ళ సీసాలు పెడితే గుడ్లున్నట్టే వేడి నిలుస్తుంది. మధ్యమధ్యలో స్విచ్చి ఆపి వేస్తూ ఉండండి, తుఫాను రోజు జరిగేది అదే కదా. రిలే టిక్కుమన్న ప్రతిసారీ బల్బు ఆరాలి, వెలగాలి. టిక్కుమన్నా బల్బు ఆరకపోతే ఆ బోర్డు తీసి పారేయండి, తట్టి సరిచేసి వాడొద్దు. ఫ్యాన్ తిరుగుతోందా, ఊరికే కూస్తోందా కూడా చూడండి, ఫ్యాన్ ఆగితే ఒక మూల ఉడుకుతుంది, ఇంకో మూల చల్లగా ఉంటుంది.

డిస్‌ప్లేలో కనపడే నంబరును కూడా నమ్మకండి. గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, మిషన్ సెన్సర్ వైరు కొసనీ, ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్నీ పక్కపక్కనే ముంచండి. ఫ్యాన్ ఉన్న మిషన్‌కి కావాల్సింది 37.5 డిగ్రీల సెల్సియస్, అంటే ఫారెన్‌హీట్‌లో చూపే జ్వరం థర్మామీటర్లో 99.5. రెండింటికీ తేడా వస్తే, డబ్ల్యూ1209 లాంటి బోర్డుల్లో పీ4 సెట్టింగులో ఆ తేడా సరిచేయొచ్చు. సెన్సర్ గుడ్ల పైభాగం ఎత్తులో ఉండాలి, బల్బుకి దగ్గరగా కాదు.

నేను ఇప్పుడు చేస్తున్నది ఇంకోటి ఉంది. రెండో థర్మోస్టాట్ బోర్డు కొని, బల్బుకి వెళ్ళే అదే వైరులో మొదటిదాని తర్వాత కలిపి, 38.5 దగ్గర ఆపేలా పెట్టాను. మొదటిది అతుక్కున్నా రెండోది కోస్తుంది. చిన్న ఖర్చే, కానీ 230 వోల్టుల పని, ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. నీళ్ళ ట్రే ముట్టుకునేముందు ప్లగ్ పీకేయండి, తేమ, కరెంటు ఒకే డబ్బాలో ఉన్నాయని మరవకూడదు.

కరెంటు పోయిందా, మూత తీయొద్దు. దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయకండి, ఆఖరి వారంలో పిల్లలకి గాలి ఎక్కువ కావాలి, అవే కొంత వేడి కూడా పుట్టిస్తాయి. కరెంటు రాకపోతే సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి గుడ్లకు తగలకుండా పక్కన పెట్టొచ్చు. థర్మోకోల్ డబ్బాలో కొవ్వొత్తో, కిరసనాయిలు బుడ్డో పెట్టే ప్రయత్నం మాత్రం చేయకండి, ఇల్లు అంటుకుంటుంది. కరెంటొచ్చాక గంటసేపు పక్కనే కూర్చోండి, నాలాగా పడుకోవద్దు.

నీళ్ళ విషయంలో వీడియోల్లో చెప్పింది చూసి మొదటి రోజే ట్రే నింపేస్తారు. ముసురు పట్టినప్పుడు మన గాలిలోనే తేమ బోలెడు, అది 37.5 దాకా వేడెక్కినా దాదాపు 50 శాతం ఉంటుంది, మొదటి 18 రోజులకు అదే చాలు. ఇంకా నీళ్ళు పోస్తే గుడ్డులో గాలి గది పెరగక, పిల్ల బయటికొచ్చేముందు లోపలే చచ్చిపోతుంది. 18వ రోజు తర్వాత గుడ్లు తిప్పడం ఆపేసి అప్పుడు తేమ 65 నుంచి 70 శాతానికి పెంచండి.

కరెంటు పోయిందని గుడ్లన్నీ వెంటనే పారేయకండి. నాలుగు రోజులు ఆగి చీకట్లో టార్చి మీద చూడండి, ఎర్రటి నరాలు కనపడితే బతికున్నట్టే. ఇంకో మాట, మిషన్ పెట్టిన రోజునే ఊళ్ళో ఎవరింట్లో పొదుగుకొచ్చిన పెట్ట ఉందో అడిగి పెట్టుకోండి. మొన్న మా పక్కింటి పెద్దమ్మ పెట్ట కింద రాత్రిపూట పది గుడ్లు సర్దాను, ఎనిమిది పిల్లలు లేపింది, కరెంటు బిల్లు కూడా లేదు.