వానల ముందు పగిలిన బంపర్ ఇంట్లోనే అతికిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

జూన్ దాటాక మన రోడ్ల మీద ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ ఉత్త నీళ్లో తెలియదు. ఎండాకాలమంతా వెంట్రుకవాసి పగులుతో నడిచిపోయిన బంపర్‌ని ఒక్కసారి నిలిచిన నీళ్లలోకి వేగంగా దింపితే చాలు, నీటి తోపుకి పగులు చీలికవుతుంది, క్లిప్పులు ఊడతాయి, కింది అంచు రోడ్డుకి రాసుకుంటుంది. అతికించాలనుకుంటే మే నెలే మంచి అదను. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కొడితే పెయింట్ మీద తెల్లటి పొగమంచులాంటి మచ్చ దిగుతుంది.

అయితే ప్రతి పగులూ ఇంట్లో చేసే పని కాదు. జానెడు కంటే పొడవున్నా, బాడీకి పట్టి ఉంచే లాక్‌లు విరిగినా, లోపలున్న ఇనుప బీమ్ వంగినా షాపుకే తీసుకెళ్లండి. ముందు బండికి తగలకుండా తానే బ్రేక్ వేసే సదుపాయం మీ కారులో ఉంటే ఇంకా జాగ్రత్త. కొన్ని మోడళ్లలో దాని రాడార్ బంపర్ వెనకాలే ఉంటుంది. దాని ఎదురుగా లప్పం, పెయింట్ మందంగా పడితే అది చూడాల్సింది సరిగ్గా చూడదు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా పని మొదలుపెట్టక ముందే తేల్చుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ పార్టులకు 50 శాతం తరుగుదల కోస్తారు, జీరో డెప్ ఉంటే ఆ కోత ఉండదు. కానీ క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అది పేరుకుని 50 శాతం దాకా వెళ్లి ఉంటే చిన్న పగులుకి క్లెయిమ్ చేయడం నష్టమే. చేయాలనే అనుకుంటే మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా బంపర్‌ని ముట్టుకోకండి.

ముందు బంపర్ విప్పేటప్పుడు ఇగ్నిషన్‌లోంచి తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన సెన్సార్లు చాలా కార్లలో ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. స్క్రూలు పైన బానెట్ కింద, పక్కన చక్రాల దగ్గర, అడుగున ఉంటాయి. అడుగువి తీయడానికి ఒట్టి జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకండి, స్టాండ్లు లేకపోతే ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. ఇద్దరు పట్టుకుంటేనే బంపర్ సరిగ్గా వస్తుంది. ఒక్కసారి గుంజితే ఫాగ్ ల్యాంప్ వైరు తెగుతుంది. హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్ దాని మీదే ఉంటే ప్లేటుతో సహా దించండి. ప్లేటుని బిగించిన లాక్ ఒకసారి పగిలితే మళ్లీ వేయడానికి రాదు.

ఇప్పుడు అసలు విషయం, ప్లాస్టిక్. బంపర్ లోపలి వైపు టార్చి వేసి వెతికితే రెండు బాణపు గుర్తుల మధ్య చిన్న అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఎక్కువ కార్ల మీద పీపీ (పాలీప్రొపిలీన్) అనో, పీపీ ప్లస్ ఈపీడీఎమ్ (రబ్బరు కలిపిన పీపీ) అనో కనిపిస్తుంది. ఇంట్లో అందుబాటులో ఉండే ఫెవిక్విక్, ఎమ్-సీల్ ఈ ప్లాస్టిక్‌ని పట్టుకోవు. అతికినట్టే ఉండి రెండు స్పీడ్ బ్రేకర్లకి ఊడొస్తాయి. దీనికి కరిగించి అతకడమే మేలు, కరిగించే కడ్డీ కూడా పీపీదే కావాలి. కొందరు జిప్ టైలు కరిగిస్తారు. అవి నైలాన్, పీపీతో కలవవు. ముక్క గీకి నీళ్లలో వేస్తే తేలితే పీపీ అంటారు గానీ, టాల్క్ అనే ఖనిజపు పొడి ఎక్కువ కలిపిన పీపీ మునుగుతుంది కూడా. అచ్చు అక్షరాలనే నమ్మండి. పీయూఆర్ (పాలీయురేథేన్) అనో, పీవీసీ అనో ఉంటే వేడి పెట్టనే వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం.

పగులు కొసన సుమారు మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయకపోతే అతికించాక కూడా పగులు ముందుకే పాకుతుంది. తర్వాత లోపలి వైపు నుంచి వి ఆకారంలో గాడి తీసి, సాల్డరింగ్ ఐరన్‌తో కడ్డీని అందులోకి కరిగించాలి. పీపీ 160 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, ఐరన్ మొన అంతకు రెట్టింపు వేడి మీద ఉంటుంది. అందుకే చెయ్యి ఒకేచోట ఆపకూడదు. సరిగ్గా కరుగుతున్న ప్లాస్టిక్ నిగనిగలాడుతూ, పాకం పట్టినట్టు మెల్లగా జారుతుంది. రంగు మారి పొగ లేచిందంటే మాడింది. మాడిన చోట బలం ఉండదు, గీకేసి మళ్లీ చేయాల్సిందే. పిన్నులను వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దించే హాట్ స్టేప్లర్ వాడితే పిన్నులు మందంలో సగం దాకానే దించండి, లేకపోతే పెయింట్ వైపు బుడిపెలు తేలతాయి. బయట మిగిలిన పిన్నుల కాళ్లు కత్తిరించేటప్పుడు ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి, కళ్లజోడు తప్పనిసరి.

ఈ పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయకండి. అక్కడ పొగ తిరుగుతూనే ఉంటుంది, స్ప్రే కొడితే పక్కవాళ్ల కారు మీద కూడా మీ రంగు పడుతుంది, ఆ గొడవ వేరు. బయట నీడలో, పొద్దున్నే చేయండి. థిన్నర్ డబ్బా, వేడి ఐరన్ ఒకే బల్ల మీద ఉండకూడదు. ఎన్95 మాస్క్ ఎమరీ పేపర్ దుమ్ముని ఆపుతుంది గానీ పెయింట్ ఆవిరిని ఆపదు, దానికి కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. హార్డెనర్ కలిపే క్లియర్ కోట్ (రంగు మీద కొట్టే పారదర్శక పూత) మాత్రం ఇంట్లో వద్దు. అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఆస్తమా తెప్పించగలవు.

నన్నడిగితే లోపలి అతుకు గట్టిగా వేసి, బయట సన్నని గీత కనపడినా అలాగే వదిలేయండి. మెరుపు కోసం గట్టి లప్పం పూసి రుద్దితే వంగే బంపర్ మీద అది పెచ్చులుగా లేస్తుంది. అంతగా కావాలంటే బంపర్లకని అమ్మే సాగే లప్పం, దానికి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ వాడండి. పెయింట్ కొట్టేటప్పుడు పార్కింగ్ సెన్సార్ల మొహాన మాత్రం టేపు వేసి ఉంచండి.

తిరిగి బిగించాక బ్యాటరీ కలిపి డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరిందో లేదో చూడండి. ఆరకపోతే బండి సర్వీస్ సెంటర్‌కే. ఫాగ్ ల్యాంపులు వేసి చూడండి, సెన్సార్ల ముందు అట్టపెట్టె పెట్టి ఒక్కోటీ మోగుతోందో లేదో పరీక్షించండి. పెయింట్ వేసి ఉంటే కొన్నాళ్లు ప్రెషర్ వాష్ చేయించకండి.